దేవుడి మీద భారం వేశాం సరే, ఆపరేషన్ వద్దంటే ఎలా?

పర్లాకోడలు
కొంచెం పొడుగు పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి. మాది పర్లాకిమిడి. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఇప్పుడు మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలసిస్ చేస్తున్నారు. గొట్టం ఎక్కువ కాలం ఉంటే ఇన్‌ఫెక్షన్ వస్తుందట, ఆ గొట్టం బదులు చేతి నుంచే డయాలసిస్ చెయ్యడానికి వీలుగా చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోమని విశాఖలో డాక్టరు గట్టిగా చెప్పారు. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. రాయగడ మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నారట, అమ్మ చూసుకుంటుందట, మధ్యలో కత్తి పెట్టిస్తే అమ్మని నమ్మనట్టేనట. నేను నోరెత్తితే "నీకు నమ్మకం లేదు, అందుకే వాడికి తగ్గట్లేదు" అంటున్నారు. మిగతావన్నీ పడ్డాను గానీ ఈ మాట పడలేకపోతున్నాను.

నేనూ దేవుణ్ణి నమ్మేదాన్నే. రోజూ దీపం పెడతాను. కానీ దీపం ముందు కూర్చుంటే మనసు నిలవదు. బిల్లులు, పిల్లాడి ఫీజు, రేపు ఏ బండికి వెళ్ళాలి, ఇవే తిరుగుతుంటాయి. ఆపదలో దేవుడే దిక్కు అంటాం కదా, అంటే చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అలా కూర్చోలేకపోతే నాది భక్తి కాదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

హేతువాది_గంజాం
ఆపరేషన్ చేయించండి. దేవత ఉంటే, బిడ్డ బాగుపడ్డాడని ఆవిడకి కోపం రాదు. లేకపోతే అసలు గొడవే లేదు.

తిరుమణి
అంత తేలిక కాదు మాస్టారూ. అమ్మాయి అడిగినది పెద్ద ప్రశ్న. మా వైష్ణవంలో వందల ఏళ్ళుగా నలుగుతున్న తగాదా ఇదే. వడగలై వారు శరణాగతి కోతిపిల్ల లాంటిదంటారు. తల్లి కొమ్మ మీంచి కొమ్మ మీదికి గెంతుతుంటే పిల్లే పొట్టని గట్టిగా కరుచుకోవాలి. తెంగలై వారు పిల్లికూన అంటారు. కూన ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని పోతుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వీటికి పేర్లు. మీ అత్తగారిది పిల్లికూన పద్ధతి, మీది కోతిపిల్ల పద్ధతి. రెండు వైపులా మహా భక్తులున్నారు. మీకు భక్తి లేదని ఎవరూ అనడానికి లేదు.

పట్టుచీర_బరంపురం
మా ఇంట్లోనూ ఒక పిల్లికూన ఉంది. నలభై ఏళ్ళు, ఉద్యోగం లేదు. నోట కరుచుకుని తిరుగుతున్నది నేను.

డ్యూటీ_సిస్టర్
కోతులూ పిల్లులూ తర్వాత. నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను, పర్లాకోడలు గారూ ముందు ఇది చదవండి. ఫిస్టులా చేసిన వెంటనే పనికి రాదు. చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుడతారు, ఆ సిర లావెక్కి గట్టిపడాలి. దానికి నెలన్నర పట్టొచ్చు, కొందరికి రెండు మూడు నెలలు. అన్నాళ్ళూ మెడ గొట్టం మీదే నడవాలి. అంటే మీ ఇంట్లో వాదన ఒక నెల సాగితే గొట్టం ఒక నెల ఎక్కువ ఉంటుంది. చలి జ్వరం వస్తే ఇంట్లో చూసుకుందాం అనుకోవద్దు, ఆ పూటే తీసుకెళ్ళండి.

ఇంకోటి. మీ అత్తగారు గుడి నుంచి ప్రసాదం తెస్తున్నారా? అరటిపండు, కొబ్బరినీళ్ళు? ఆపించండి. రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచెయ్యనివాళ్ళకి అది బయటికి పోదు, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. తీర్థం కూడా ఉద్ధరిణెడే, చెంబుడు కాదు. పూజ మానమనట్లేదు, మా యూనిట్‌లో మంచాల మీద సగం మంది పెదాలు కదుపుతూనే ఉంటారు.

పర్లాకోడలు
సిస్టర్, రోజూ పొద్దున్న కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు ఆయన చేతే తాగిస్తున్నారు. చలవ చేస్తుందని. మాకెవరూ చెప్పలేదు.

డ్యూటీ_సిస్టర్
ఇవాళ్టి నుంచే ఆపండి. కాయ కొట్టండి, నీళ్ళు పిల్లాడు తాగుతాడు. తర్వాతి డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు పొటాషియం ఎంతుందో చూడమని అడగండి.

హేతువాది_గంజాం
చూశారా. భక్తితోనే చంపేసేవాళ్ళు.

తిరుమణి
మాట తీరు చూసుకోండి. ఆవిడ తల్లి.

హేతువాది_గంజాం
సరే, చివరి మాట వెనక్కి. విషయం మాత్రం వెనక్కి తీసుకోను. 2018 తిత్లీ తుఫానప్పుడు మన గజపతి జిల్లా బారఘరలో ఏమైందో గుర్తుందా? వానకి భయపడి జనం కొండ గుహలో తలదాచుకున్నారు. కొండ చరియ విరిగి అక్కడే పడింది. పదిమందికి పైగా పోయారు, పిల్లలతో సహా. వాళ్ళు దేవుణ్ణి తలుచుకోలేదంటారా? ఆ రాత్రి తలుచుకోని మనిషి ఉంటాడా? దేవుడు ఆశ్రయం అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పి మాట్లాడండి.

గుణుపురం_పాస్టర్‌గారబ్బాయి
జవాబు నా దగ్గర లేదు, ఉందన్నవాణ్ణి నేనూ నమ్మను. ఒక్కటి మాత్రం చెబుతాను. మా నాన్నగారు చావు ఇళ్ళల్లో ఎక్కువగా చదివేది బైబిల్లో 46వ కీర్తన. దేవుడే ఆశ్రయం అని మొదలుపెట్టి వెంటనే భూమి తలకిందులైనా, కొండలు సముద్రంలో పడినా భయపడం అంటుంది. కొండలు పడవని అనలేదు. పడతాయని ఒప్పుకునే రాశారు. బారఘర అంత్యక్రియలకి మా వాళ్ళు వెళ్ళారు, అక్కడ ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. గోతులు తవ్వారు, వంట చేశారు.

పర్లాకోడలు గారూ, దీపం ముందు మనసు నిలవట్లేదన్నారు. కీర్తనల్లో మూడో వంతు దాకా ఏడుపులూ ఫిర్యాదులే. 22వది అయితే నన్నెందుకు వదిలేశావని అడగడంతోనే మొదలవుతుంది. బిల్లు గుర్తొస్తే బిల్లు గురించే చెప్పండి ఆయనకి. తప్పేముంది?

పట్టుచీర_బరంపురం
మన రామదాసు చేసిందీ అదే కదా. గోల్కొండ చెరలో కూర్చుని రాముణ్ణి ఏకంగా తిట్టాడు. నీకూ నీ పెళ్ళానికీ నగలు చేయించింది నేను అని లెక్కలు అప్పజెప్పాడు. భద్రాద్రి రాముడు ఆ బిల్లులన్నీ విన్నాడు, మీ బిల్లులు వినడా?

హేతువాది_గంజాం
విని పన్నెండేళ్ళకి విడిపించాడంటారు. కోర్టు కంటే కొంచెం నయం.

గోపాల్‌పూర్_అలలు
హేతువాది అన్నకి నాదొక కేసు. మాది సముద్రం ఒడ్డు. ఒడియావాళ్ళు మమ్మల్ని నోళియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. 2013 అక్టోబరు 12, ఫైలిన్ తుఫాను తగిలిన రోజు దుర్గాష్టమి. పొద్దున్నుంచే పోలీసులూ పంచాయతీవాళ్ళూ ఊరు ఖాళీ చెయ్యమని మైకుల్లో మొత్తుకుంటున్నారు. మా నాయనమ్మ కదలనంది. అష్టమి పూట అమ్మవారిని చీకట్లో వదిలి రానని గుమ్మం పట్టుకుని కూర్చుంది. బాబాయి ఎత్తుకుపోదామని చూస్తే చెయ్యి కొరికింది.

మా నాన్న వాదించలేదు. గూట్లో ఉన్న అమ్మవారి పటం తీసి తువ్వాలులో చుట్టి, బియ్యం డబ్బా మీద పెట్టి, "అమ్మ బయల్దేరింది, నువ్వు రాకపోతే నీ ఇష్టం" అన్నాడు. ముసల్ది లేచి, పటం లాక్కుని, అందరికంటే ముందు నడిచింది.

ఆ రాత్రి షెల్టర్‌లో ఇసకేస్తే రాలనంత జనం. గాలికి కిటికీ రెక్క ఊడి లోపలికి పడింది. పిల్లలు ఏడుస్తున్నారు. నాయనమ్మ పటం ఒళ్ళో పెట్టుకుని అమ్మవారిని దులపడం మొదలెట్టింది. ఇదేనా నీ కాపలా, మా తెప్పలు ఏమయ్యాయో చూశావా, ఏటి మొహం పెట్టుకుని వచ్చే ఏడు పండగ చేయించుకుంటావు, అని తెల్లారేదాకా. పక్కన ఒక ఒడియా ముసలావిడకి తెలుగు రాదు, ఇది స్తోత్రం అనుకుని చేతులు జోడించి వింటోంది.

పొద్దున్న వెళ్ళి చూస్తే ఇంటి కప్పు లేదు, తెప్ప ముక్కలు, వలల ఆచూకీ లేదు. మనుషులం మిగిలాం.

హేతువాది_గంజాం
కాపాడింది మైకు తమ్ముడూ. 1999లో అక్టోబరు 17న మన బరంపురం వైపు ఒక తుఫాను, 29న పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్. ఆ రెండోదాంట్లో దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఒడిశాలో పది లక్షల దాకా జనాన్ని ముందే తరలించారు, పోయినవాళ్ళు వందలోపే. దేవుడు రెండుసార్లూ ఒకడే. మారింది ప్రభుత్వం పని.

గోపాల్‌పూర్_అలలు
ఒప్పుకున్నాను. కానీ మైకు అరిస్తే నాయనమ్మ లేవలేదు. పటం లేస్తే లేచింది. నీ లెక్కలో అది ఏ గడిలో వేస్తావో చెప్పు.

హేతువాది_గంజాం
మీ నాన్నగారి తెలివి అనే గడిలో.

గోపాల్‌పూర్_అలలు
మా నాన్న నీ కంటే పెద్ద భక్తుడు.

హేతువాది_గంజాం
నా కంటే పెద్ద భక్తుడు కావడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

తిరుమణి
వరదలో చిక్కుకున్న భక్తుడు, దేవుడు పంపిన పడవ... ఆ వాట్సాప్ కథ ఎవరైనా మొదలుపెట్టే లోపు చెబుతున్నాను, అందరికీ తెలుసు, వద్దు.

పట్టుచీర_బరంపురం
సగం టైప్ చేసి చెరిపేశాను మాస్టారూ.

వేదిక_కాపరి
ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయకండి. రెండు పోస్టులు తీసేశాను. గొడవ ఇంతవరకే ఉంటే చర్చ ఉంచుతాను.

ఉద్దానం_బుల్లోడు
రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఉండేది బరంపురం, సొంతూరు ఉద్దానం. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు గురించి మీకు చెప్పక్కర్లేదు, ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, పెద్దాసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, అప్పటికి మా నాన్న లేడు. మేం అన్నీ చేశాం. ఫిస్టులా చేయించాం, మందు మానలేదు, అరసవల్లి మొక్కు, సింహాచలం మొక్కు, ఏదీ వదల్లేదు. అయినా పోయాడు. అందుకే "నమ్ము, తగ్గుతుంది" అనేవాళ్ళన్నా, "సైన్సుని నమ్ము, తగ్గుతుంది" అనేవాళ్ళన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను గుడికి వెళ్ళడం మానేశాను. మా అమ్మ మానలేదు. ఇంకా ఎందుకే అని అడిగితే, "అడగడానికి ఆయన కాక ఎవరున్నార్రా" అంది. నాకు అర్థం కాలేదు, ఆవిడ చెప్పలేదు.

పర్లాకోడలు గారూ, మీవారి ఫిస్టులా చేతి మీద మెల్లిగా వేళ్ళు ఆనిస్తే లోపల ఝుమ్మని కొట్టుకోవడం తెలుస్తుంది. అది ఆగిందంటే మూసుకుపోయినట్టే, పరుగెత్తాలి. మా అమ్మ రోజూ నిద్ర లేవగానే నాన్న చెయ్యి అలా పట్టుకుని చూసేది. పూజ గదిలోకి దాని తర్వాతే.

డ్యూటీ_సిస్టర్
సరిగ్గా చెప్పారు. రోజూ చూసుకోవాలి. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

సూరత్_రిటర్న్
ఉద్దానం అన్నా, నీ పోస్టుకి ఏం రాయాలో తెలీక రెండుసార్లు మూసేశాను. నాది చిన్న సంగతి. 2020లో సూరత్ మరమగ్గాల్లో ఉన్నాను, మన గంజాం వాళ్ళే ఎక్కువ అక్కడ. మిల్లు మూసేశారు, కూలీ లేదు, రైళ్ళు లేవు, గుళ్ళకీ తాళాలే. ఒక గదిలో ఇరుక్కుని ఉన్నాం. వంతులవారీగా పడుకునేవాళ్ళం. అందులో ఒక ఒడియా కుర్రాడు ఫోన్లో జగన్నాథుడి బొమ్మ పెట్టుకుని దండం పెట్టేవాడు, చార్జింగ్ అయిపోతే గోడకి పెట్టేవాడు. ఏం కోరుకుంటున్నావురా అంటే "ఏం కోరట్లేదు, ఇక్కడున్నానని చెబుతున్నా" అన్నాడు. శ్రామిక్ రైల్లో వచ్చి క్వారంటైన్‌లో కూర్చున్నాం. ఆ జూన్ 23న రథయాత్ర జనం లేకుండానే జరిగింది, టీవీలో చూశాం. ఎన్నడూ దండం పెట్టని మా మేస్త్రీ కూడా ఆ వేళ లేచి నుంచున్నాడు.

హేతువాది_గంజాం
ఈ పోస్టు నాకు నచ్చింది. ఎందుకో అడగొద్దు.

గుణుపురం_మామ్మ
నేను నోటితో చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. అందరూ ఆ అత్తగారిని ఆడిపోసుకుంటున్నారు. ఆవిడకి నమ్మకం ఎక్కువై కాదర్రా, భయం ఎక్కువై. కొడుకు చేతికి కత్తి పెడతారంటే తల్లికి కాళ్ళూ చేతులూ ఆడవు. భయమేస్తోందని కోడలి ముందు ఒప్పుకోలేక అమ్మవారి పేరు చెబుతోంది. అమ్మాయ్, నీ మాట గెలవాలని చూడకు. ఆవిణ్ణి డయాలసిస్ దగ్గరకి ఒకసారి తీసుకెళ్ళావా? పక్క మంచం మీద ఫిస్టులా ఉన్నవాళ్ళని చూపించావా? నీకు నమ్మకం లేదని ఆవిడ అన్న మాట తప్పే, ఆ సంగతి తర్వాత నెమ్మదిగా తేల్చుకో. ఇప్పుడు కాదు.

పట్టుచీర_బరంపురం
మామ్మగారూ మా ఇంటికి ఎప్పుడొస్తారు? ఇక్కడ కూడా ఒక కేసు ఉంది.

మొక్కు సంగతి నేనూ ఒకటి చెబుతాను. బరంపురం ఠాకురాణి యాత్ర తెలుసు కదా, రెండేళ్ళకోసారి అమ్మవారు గుడి వదిలి సాలెవాళ్ళ వీధికి, పుట్టింటికి వస్తుంది. మొక్కున్నవాళ్ళు వేషాలు కడతారు. మా అన్నకి చిన్నప్పుడు జ్వరం ముదిరితే నాన్న పులివేషం మొక్కుకున్నాడు. ఇంజెక్షన్లు ఒక్కటీ ఆపలేదు. తగ్గాక ఎండలో ఒళ్ళంతా పసుపు రంగూ నల్ల చారలూ పూయించుకుని డప్పుల వెంట తిరిగాడు. రంగు ఎండి చర్మం పగిలి కొబ్బరినూనె రాసుకున్నాడు గానీ నోరెత్తలేదు. మొక్కంటే మనం ఏదో చేస్తామని కదా. రోగికి ఏదో చెయ్యనివ్వమని ఎక్కడన్నా ఉందా?

రాయగడ_లైన్‌మన్
ఇన్నాళ్ళూ చదివి ఊరుకున్నాను, మా మజ్జిగౌరమ్మ పేరొచ్చింది కాబట్టి రాస్తున్నాను. పర్లాకోడలు గారూ, మీ అత్తగారికి రైలు వంతెన కథ గుర్తు చెయ్యండి. తెల్లవాళ్ళ కాలంలో ఇక్కడ ఏటి మీద రైలు వంతెన కడుతుంటే కట్టింది కట్టినట్టే కూలిపోయేదట. అమ్మ కాంట్రాక్టరు కలలోకి వచ్చి నాకు గుడి కట్టు అందట, కట్టాక వంతెన నిలబడిందట. మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నా పాయింటు ఏంటంటే, అమ్మ వంతెన వద్దనలేదు. నేనుండగా వంతెన ఎందుకు, ఏరు నేనే దాటిస్తాను అనలేదు. నాకో గుడి కట్టి నీ వంతెన నువ్వు కట్టుకో అంది. ఆ వంతెన మీద ఇనుమూ రాయీ మోసింది మనుషులే. మరి మీ ఆయన చేతికి కుట్టు వేస్తే ఆవిడెందుకు వద్దంటుంది?

తిరుమణి
శభాష్. నా కోతీ పిల్లీ రెండూ దీని ముందు దండగ.

హేతువాది_గంజాం
కథ జరిగిందని నేను ఒప్పుకోను. వాదన మాత్రం ఒప్పుకుంటాను.

పర్లాకోడలు
నిన్న రాత్రి అన్నం పెడుతూ వంతెన కథ ఎత్తాను. నన్ను చెప్పనివ్వలేదు, ఆవిడకే బాగా తెలుసు. కాంట్రాక్టరు పెళ్ళాం ఏమందో, అమ్మ ఏ రంగు చీరలో వచ్చిందో అన్నీ ఆవిడే చెప్పారు. అంతా అయ్యాక, "మరి వంతెన కట్టుకోమనే కదా అత్తా అంది" అన్నాను. ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని లేచి, మా ఆయన పక్కన కూర్చుని, ఆయన ఎడమ చెయ్యి తిప్పి చూసి, "కోత ఎంత పొడుగుంటాది?" అని అడిగారు. నాకు తెలీక సిస్టర్‌ని అడిగి చెబుతానన్నాను.

డ్యూటీ_సిస్టర్
మణికట్టు దగ్గర చేస్తే చూపుడువేలి పొడవు కూడా ఉండదు. చెయ్యి వరకే మత్తు ఇస్తారు, మెలకువగానే ఉంటారు. చాలామందిని మర్నాడే పంపేస్తారు.

పర్లాకోడలు
చెప్పాను. సరే అన్నారు, కానీ కొత్త తంటా. డాక్టరు ఇచ్చిన రోజు మంగళవారం. మంగళవారం కత్తి ముట్టకూడదట. తర్వాతి ఖాళీ ఎప్పుడో చెప్పలేమంటున్నారు.

పట్టుచీర_బరంపురం
అయ్యో రామా! తారాతారిణి కొండ మీద చైత్ర మంగళవారాలు చిన్నపిల్లల పుట్టు వెంట్రుకలు తీయించేది దేనితో? కత్తితో కాదా? లక్షల మంది మెట్లెక్కి మరీ చేయిస్తారు. అమ్మవారి వారమే అది. మీ అత్తగారికి చెప్పండి, మంగళవారం దొరకడమే అదృష్టం అని.

గుణుపురం_మామ్మ
చెప్పేది నువ్వు కాదు, మీ ఆయన చేత చెప్పించు. తల్లి కొడుకు మాట వింటుంది.

పర్లాకోడలు
ఆయన ఈ చర్చంతా చదివారు. అమ్మతో మాట్లాడతానన్నారు. ఆయనకున్న అనుమానం ఒక్కటే, ఆపరేషన్ అయ్యాక స్కూటర్ నడపొచ్చా అని.

డ్యూటీ_సిస్టర్
కుట్లు ఆరేదాకా వద్దు. తర్వాత డాక్టరు సరేనంటేనే. ఆ చేత్తో బరువులెత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తియ్యనివ్వకూడదు, గడియారం పెట్టకూడదు. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు. ఇప్పటి నుంచే ఎడమ చేతి నుంచి రక్తం ఇవ్వడం మానెయ్యమనండి, ఆ సిర కావాలి.

పట్టుచీర_బరంపురం
మొక్కు దారం ఏ చేతికి కట్టారో చూసుకోండి!

పర్లాకోడలు
ఎడమ చేతికే ఉంది. కుడి చేతికి మారుస్తానని అత్తగారే అన్నారు.